‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కథన వివాదం: రసవిఘ్న సిద్ధాంత దృష్టితో పునఃపరిశీలన

ప్రవేశిక

ఒక కృతి వెలువడిన నాడు విమర్శకులిచ్చిన తీర్పు తరువాతి తరం చేతిలో తారుమారు కావడం సాహిత్య చరిత్రలో కొత్త కాదు. అయితే అదే విమర్శకుడు, అదే కృతిని, కొద్ది వారాల వ్యవధిలో మళ్లీ చూసి, తన తొలి తీర్పు పొరపాటని అచ్చులోనే ఒప్పుకోవడం అరుదు. 1968లో విడుదలైన స్టాన్లీ కుబ్రిక్ చిత్రం ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ విషయంలో అది జరిగింది. ‘న్యూస్‌డే’ పత్రికలో జోసెఫ్ గెల్మిస్ మొదట ప్రతికూలంగా రాసి, ఏప్రిల్ నెల ముగియకముందే ఆ అభిప్రాయాన్ని ఉపసంహరించుకున్నాడు. ‘విలేజ్ వాయిస్’ విమర్శకుడు ఆండ్రూ సారిస్ 1970లో అదే పని చేశాడు. మరికొందరు తమ తొలి అభిప్రాయాన్ని చివరి వరకూ మార్చుకోలేదు. వారిలో సామాన్యులు లేరు.

ఈ వివాదాన్ని సాధారణంగా ‘ముందు అర్థం చేసుకోలేకపోయారు, తరువాత అర్థం చేసుకున్నారు’ అనే విజయగాథగా చెబుతారు. కృతి గొప్పది, కాలం దానిని నిరూపించింది అనడంతో చర్చ ముగుస్తుంది. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. తొలి విమర్శకులు లేవనెత్తిన ప్రశ్నలకు సమాధానం దొరికిందా, లేక ఆ ప్రశ్నలు వేయడమే మానుకున్నారా అన్నది ఇందులో తేలదు. ఈ చిత్రంలో కథనం ఉందా, ఉంటే అది ఎక్కడ నిలిచింది, ఎక్కడ తడబడింది అన్న ప్రశ్నను మళ్లీ తెరవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు భారతీయ కావ్యశాస్త్రం నుండి, ముఖ్యంగా అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాల నుండి, కొన్ని పనిముట్లను స్వీకరిస్తున్నాను. పాశ్చాత్య చిత్రానికి మన శాస్త్రపు ముద్ర వేయాలన్న కోరికతో కాదు. ‘అర్థం కాలేదు’, ‘నమ్మబుద్ధి కాలేదు’, ‘సందేహం తీరలేదు’ అనే మూడు ఫిర్యాదులను ఒకదానితో ఒకటి కలిపివేయకుండా విడదీసి చూపే పరిభాష అక్కడ సిద్ధంగా ఉంది.

రచనా నేపథ్యం

చిత్రానికి బీజం ఆర్థర్ సి. క్లార్క్ 1948లో రాసిన ‘ది సెంటినెల్’ అనే చిన్న కథ. చంద్రుని మీద మానవులకు ఒక పురాతన వస్తువు కనిపిస్తుంది. అది ఎవరో ఎప్పుడో అమర్చి వెళ్లిన కావలి యంత్రం. 1964 ఏప్రిల్‌లో కుబ్రిక్, క్లార్క్ న్యూయార్క్‌లో కలుసుకున్నారు. నవలనూ చిత్రకథనూ సమాంతరంగా రచించాలని నిర్ణయించుకున్నారు. 1965 డిసెంబరు చివర ఇంగ్లండులో చిత్రీకరణ మొదలైంది. చిత్రం 1968 ఏప్రిల్‌లోనూ, క్లార్క్ పేరుతో నవల ఆ వేసవిలోనూ వెలువడ్డాయి. చిత్రం ముందు వచ్చి నవల తరువాత రావడం వివాద చరిత్రలో గమనించదగిన అంశం. తొలి విమర్శకుల చేతిలో నవల లేదు. తరువాతి ప్రేక్షకుల చేతిలో ఉంది.

రచన సాగిన కొద్దీ కుబ్రిక్ వివరణలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ వచ్చాడు. చిత్రం ఆరంభంలో చూపడానికి పలువురు శాస్త్రవేత్తలతో ఇంటర్వ్యూలు చిత్రీకరించి, వాటిని వాడలేదు. నేపథ్య వ్యాఖ్యానం అనుకొని విరమించుకున్నాడు. అలెక్స్ నార్త్ చేత స్వరపరిపించిన సంగీతాన్ని పక్కన పెట్టి, రిచర్డ్ స్ట్రాస్, యోహాన్ స్ట్రాస్, లిగెటి, ఖచతూరియన్ల పూర్వరచనలనే ఉంచాడు. రెండు గంటల పంతొమ్మిది నిమిషాల చిత్రంలో సంభాషణలు నలభై నిమిషాలకు లోపే ఉన్నాయి. మొదటి ఇరవై అయిదు నిమిషాలలో ఒక్క మాట వినిపించదు. చివరి భాగమూ అంతే.

కథాక్రమాన్ని సంగ్రహంగా గుర్తు చేసుకోవాలి. ఆఫ్రికా ఎడారిలో వానరమానవుల గుంపు ఎదుట ఒక నల్లని ఏకశిల ప్రత్యక్షమవుతుంది. ఆ తరువాత వారిలో ఒకడు ఎముకను ఆయుధంగా వాడడం నేర్చుకుంటాడు. నలభై లక్షల సంవత్సరాల తరువాత చంద్రునిపై అటువంటి శిలే బయటపడుతుంది. డాక్టర్ హేవుడ్ ఫ్లాయిడ్ దానిని చూడడానికి రహస్యంగా వెళతాడు. సూర్యకాంతి సోకగానే శిల తీవ్రమైన ధ్వనిసంకేతాన్ని వెలువరిస్తుంది. పద్ధెనిమిది నెలల తరువాత డేవ్ బౌమన్, ఫ్రాంక్ పూల్ అనే ఇద్దరు వ్యోమగాములు, శీతనిద్రలో ఉన్న మరి ముగ్గురు, హాల్ 9000 అనే మాట్లాడే కంప్యూటరు బృహస్పతి వైపు ప్రయాణిస్తుంటారు. హాల్ నలుగురిని చంపుతుంది. మిగిలిన బౌమన్ దానిని నిశ్చేష్టం చేసి, బృహస్పతి దగ్గర మూడవ శిలను చేరుకుంటాడు. కాంతిమార్గం గుండా సాగి, పాత ఐరోపా రాజగృహాన్ని పోలిన గదిలో వృద్ధుడై, మరణశయ్యపై శిలను చూసి, నక్షత్రశిశువుగా మారతాడు.

తొలి ప్రదర్శన, తొలి అభ్యంతరాలు

1968 ఏప్రిల్ 2న వాషింగ్టన్‌లోనూ, మరునాడు న్యూయార్క్‌లోనూ ప్రదర్శనలు జరిగాయి. ప్రేక్షకులలో పలువురు మధ్యలోనే లేచిపోయారు. కుబ్రిక్ వెంటనే ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చొని సుమారు 19 నిమిషాల నిడివిని తగ్గించాడు. ఈ కోత గురించి అందరూ రాశారు. అదే సమయంలో అతడు చేర్చినవి అంతగా చర్చకు రాలేదు. ప్రయాణభాగానికీ చివరిభాగానికీ శీర్షికాఫలకాలు పెట్టాడు. వానరమానవుడు ఎముకను చేతిలోకి తీసుకునే ముందు ఏకశిల ఒక్క క్షణం తెరపై మెరిసేలా చేశాడు. శిలకూ ఆయుధానికీ మధ్య కార్యకారణ సంబంధాన్ని ప్రేక్షకుడికి అందించే ఏకైక సూత్రం ఆ మెరుపే. వివరణ ఏదీ అక్కరలేదని నమ్మిన దర్శకుడు కూడా, ప్రేక్షకుల మధ్య కూర్చొని చూశాక, కొంత స్ఫుటత్వం అవసరమని గుర్తించాడన్నమాట. ‘అతడు ప్రేక్షకులను లెక్కచేయలేదు’ అనే ఆరోపణకూ, ‘ఒక్క అక్షరమూ మార్చనక్కరలేని కృతి’ అనే ప్రశంసకూ ఈ చేర్పే సమాధానం.

‘న్యూయార్క్ టైమ్స్’లో రెనాటా ఆడ్లర్ చిత్రం సమ్మోహనానికీ విసుగుకూ మధ్య ఎక్కడో ఉందన్నది. ‘న్యూ రిపబ్లిక్’లో స్టాన్లీ కాఫ్‌మన్, సాంకేతిక ప్రతిభపై ఉండవలసిన ఆసక్తిని కూడా చిత్రపు మందగమనం చంపివేసిందని ఆక్షేపించాడు. అందరికంటె గట్టిగా ఎదిరించినది పాలీన్ కేల్. 1969 ఫిబ్రవరి ‘హార్పర్స్’ సంచికలోని సుదీర్ఘ వ్యాసంలో ఆమె దీనిని ఊహాశక్తి లేని చిత్రంగా నిరూపించబూనింది. విజ్ఞాన కల్పనా రచయితల లోకం కూడా ఏకాభిప్రాయానికి రాలేదు. లెస్టర్ డెల్ రే ప్రతికూలంగా రాశాడు. శామ్యూల్ డిలేనీ మెచ్చుకున్నాడు. ఆ రంగపు పాఠకులు ఇచ్చే హ్యూగో పురస్కారం మరుసటి సంవత్సరం ఈ చిత్రానికే దక్కింది. ఆస్కార్ సంఘం దర్శకత్వానికీ చిత్రకథకూ నామినేషన్లు మాత్రమే ఇచ్చి, దృశ్య ప్రభావాలకు బహుమతి ఇచ్చింది. చూపినదానికి మన్ననా, చెప్పినదానికి సందేహమూ అన్నట్లున్న ఈ నిర్ణయంలో ఆనాటి వివాదసారం ఉంది.

సమర్థకులలో ‘న్యూయార్కర్’ విమర్శకురాలు పెనెలోపీ గిలియట్ మొదటి వారాలలోనే చిత్రాన్ని మెచ్చుకున్నది. 1969 ఫిబ్రవరిలో ‘ఆర్ట్‌ఫోరం’ పత్రికలో అనెట్ మైకెల్సన్ రాసిన వ్యాసం చర్చను మరో స్థాయికి తీసుకువెళ్లింది. భారరహిత స్థితిలో పైకింద లేని అవకాశాన్ని చూస్తున్నప్పుడు ప్రేక్షకుడు తన శరీరాన్ని గురించి, చూడడం అనే క్రియను గురించి కొత్తగా తెలుసుకుంటాడని ఆమె వాదం. అంటే ఇక్కడ అర్థం కథాసారాంశంలో కాక అనుభవంలో ఉంది. ఈ వాదం బలమైనదే. కాని ఇది కథనాన్ని సమర్థించడం లేదు. కథనమనే ప్రశ్ననే దాటవేస్తున్నది. చిత్రంలో పాత్రలున్నాయి, హత్యలున్నాయి, రహస్యముంది. అందుచేత కథన విచారం తప్పదు.

మొదటి విఘ్నం: సంభావనా విరహం

రసప్రతీతికి అడ్డు వచ్చేవాటిని అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో ఏడింటిగా పరిగణించాడు. వాటిలో మూడు మన చర్చకు ప్రత్యక్షంగా ఉపకరిస్తాయి. మొదటిది సంభావనా విరహం. చూపుతున్నది జరగడానికి వీలైనదేనన్న నమ్మకం కుదరకపోవడం. అయిదవది స్ఫుటత్వాభావం, ప్రతీతి స్పష్టంగా లేకపోవడం. ఏడవది సంశయయోగం, కనిపిస్తున్నది ఏ భావానికి చెందినదో తేలకపోవడం.

మొదటి విఘ్నానికి అభినవగుప్తుడు చెప్పిన పరిహారం గమనింపదగినది. లోకసామాన్యం కాని చేష్టలను చూపవలసి వచ్చినప్పుడు, చిరకాలంగా ప్రసిద్ధికెక్కి జనుల హృదయంలో నమ్మకం నాటుకున్న రామాదుల పేర్లను స్వీకరించాలి. సముద్రలంఘనం హనుమంతునిదైతే సందేహం రాదు. నాటకానికి ప్రఖ్యాత వస్తువును విధించడంలోని ఆంతర్యం ఇదే. విజ్ఞాన కల్పనకు ఈ సౌకర్యం లేదు. దాని వస్తువు స్వభావరీత్యా ఉత్పాద్యం, అందులోనూ ఇంకా జరగనిది. నమ్మకాన్ని ముందుగా నాటి ఉంచిన ఐతిహ్యం ఏదీ భవిష్యత్తుకు ఉండదు.

ఈ కొరతను కుబ్రిక్ దేనితో పూరించాడు? పరికరాల యథార్థతతో. అంతరిక్ష సంస్థలో పనిచేసిన ఫ్రెడరిక్ ఆర్డ్‌వే, హ్యారీ లాంగే సలహాదారులయ్యారు. నౌకలోని కృత్రిమ గురుత్వాన్ని చూపడానికి సుమారు 38 అడుగుల వ్యాసం గల చక్రాన్ని విమాన నిర్మాణ సంస్థ విక్కర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ చేత కట్టించి, నటుడు లోపల నడుస్తుండగా దానిని తిప్పారు. వానరమానవుల ఎడారి స్టూడియోలోనిదే. ఆఫ్రికాలో తీసిన నిశ్చల చిత్రాలను ముందువైపు నుండి ప్రతిఫలన తెరపై పడేటట్లు చేశారు. గాలి లేని చోట ధ్వని ఉండదన్న భౌతిక నియమాన్ని పాటించి, నౌక వెలుపలి దృశ్యాలలో నిశ్శబ్దాన్నో, సంగీతాన్నో, శిరస్త్రాణంలోని ఊపిరి చప్పుడునో మాత్రమే వినిపించారు. మానవుడు చంద్రునిపై అడుగు పెట్టడానికి పదిహేను నెలల ముందు ఈ చిత్రం వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి.

మందగమనమనే ఆక్షేపణను ఈ నేపథ్యంలో చూడాలి. నౌక అంతరిక్ష కేంద్రాన్ని చేరే దృశ్యం కథను ముందుకు నడపదు. నిజమే. అయితే ఉత్పాద్యమైన లోకాన్ని ప్రఖ్యాత లోకమంత పరిచితం చేయడమే దాని పని. పురాణ ప్రసిద్ధి శతాబ్దాలలో సాధించిన నమ్మకాన్ని ఈ చిత్రం అరగంటలో సాధించవలసి ఉంది. భరతుడు దివ్యమనీ ఆనందజమనీ అద్భుతాన్ని రెండు విధాలుగా చెప్పాడు. ఈ చిత్రం రెండవ భాగం వరకు ఆనందజ విస్మయాన్ని పోషించి, చివర దివ్యదర్శన విస్మయం వైపు మళ్లాలని చూస్తుంది. మొదటిది నిలవకపోతే రెండవదానికి ఆధారముండదు. కనుక సంభావనా విరహమనే విఘ్నాన్ని ఈ చిత్రం పూర్తిగా దాటిందని చెప్పవచ్చు. కాఫ్‌మన్ ఫిర్యాదు ఇందుకు చెల్లించిన మూల్యాన్ని సూచిస్తుందే తప్ప, ప్రయోజనం లేదని నిరూపించదు.

హాల్ ఘట్టంలోని సంధినిర్మాణం

‘కథ లేదు’ అనే ఆక్షేపణ చిత్రమంతటికీ వర్తించదు. బృహస్పతి యాత్రాభాగాన్ని విడిగా తీసుకుంటే అందులో పంచసంధులను గుర్తించడం కష్టం కాదు. బీజం మాత్రం అంతకు ముందు భాగంలోనే పడింది. అంతరిక్ష కేంద్రంలో రష్యన్ శాస్త్రవేత్తలు చంద్రకేంద్రంలో అంటువ్యాధి వచ్చిందా అని అడిగినప్పుడు ఫ్లాయిడ్ మాట్లాడనంటాడు. ఆ వదంతి తన వాళ్లే పుట్టించిన కట్టుకథ అని తరువాతి సమావేశంలో తెలుస్తుంది. ఇక్కడి సంభాషణలు పేలవంగా ఉన్నాయని పలువురు రాశారు. పేలవంగా ఉన్నమాట నిజం. అయితే ఈ చిత్రంలో మనుషులు మాటను నిజం చెప్పడానికి వాడడం లేదు, దాచడానికి వాడుతున్నారు. కుశల ప్రశ్నలు, జన్మదిన శుభాకాంక్షలు, ఆహారం గురించిన ముచ్చట్లు అన్నీ ఆ దాపరికం మీద కప్పిన పలుచని వస్త్రాలు.

యాత్రాభాగంలో ఈ బీజం మొలకెత్తుతుంది. హాల్ బౌమన్‌తో ఏకాంతంగా మాట్లాడుతూ, యాత్రకు ముందు వినిపించిన వింత వదంతులను, సన్నాహాలలోని రహస్యాన్ని ప్రస్తావిస్తుంది. బౌమన్ దానిని తన మనస్తత్వ పరీక్షగా భావించి తేలికగా తీసుకుంటాడు. ఆ మరుక్షణంలోనే హాల్ నౌక సమాచార పరికరంలో లోపముందని ప్రకటిస్తుంది. లోపం పరికరంలో లేదని తేలడం ప్రతిముఖం. ఇద్దరు వ్యోమగాములు హాల్‌కు వినపడని చోట కూర్చొని దానిని ఆపివేయాలనుకోవడం, హాల్ వారి పెదవుల కదలికను చదవడం గర్భసంధి. పూల్ మరణం, నిద్రిస్తున్నవారి ప్రాణరేఖలు తెరపై నిశ్శబ్దంగా చదునైపోవడం, బౌమన్ శిరస్త్రాణం లేకుండానే శూన్యం గుండా నౌకలోకి దూకడం విమర్శసంధిలో చేరతాయి. హాల్ జ్ఞాపక ఫలకాలను ఒక్కొక్కటిగా లాగివేయడంతో నిర్వహణం. ఆ క్షణాన ఫ్లాయిడ్ ముందుగా రికార్డు చేసిన ప్రసంగం మొదలై, యాత్ర అసలు ఉద్దేశం బౌమన్‌కు మొదటిసారి తెలుస్తుంది. దాచిపెట్టిన నిజం బయటపడేసరికి దానిని దాచవలసి వచ్చిన యంత్రం నశించింది.

హాల్ ఎందుకు చంపిందో చిత్రం నేరుగా చెప్పదు. నిజం చెప్పడానికి నిర్మించిన యంత్రానికి అబద్ధం చెప్పే బాధ్యత అప్పగించడం వల్ల కలిగిన సంఘర్షణ అని క్లార్క్ నవల వివరిస్తుంది. చిత్రంలో ఆ వివరణ లేకపోయినా, పైన చూపిన క్రమం వల్ల ఆ అర్థం సహృదయునికి స్ఫురిస్తుంది. వాచ్యం చేయకుండా, సందర్భంలోనే ఆధారాలుంచి అర్థాన్ని స్ఫురింపజేయడం ఆనందవర్ధనుడు చెప్పిన వ్యంజనావ్యాపారానికి తగిన ఉదాహరణ. ఇక్కడ వ్యంగ్యార్థానికి నవల అవసరం లేదు.

రసదృష్టితో చూసినా ఇదే ఘట్టం శిఖరస్థానం. మనుషుల ముఖాలు నిర్వికారంగా ఉండగా, డగ్లస్ రెయిన్ గొంతులో యంత్రం భయాన్ని ఒప్పుకుంటుంది, వేడుకుంటుంది, చివరికి బాల్యంలో నేర్చిన పాట పాడుతూ మందగించి ఆగిపోతుంది. 1961లో బెల్ ప్రయోగశాలలో ఒక ఐబిఎం కంప్యూటరు చేత పాట పాడించారు. దానిని క్లార్క్ స్వయంగా విన్నాడు. ఆ జ్ఞాపకం ఇక్కడ కరుణరసానికి ఆలంబనమైంది. పాత్రలు చల్లగా ఉన్నాయన్న ఆక్షేపణకు ఇదే సమాధానం కావాలి. మనుషులు యంత్రాలవలె మాట్లాడే లోకంలో శోకమనే స్థాయి యంత్రాన్ని ఆశ్రయించింది.

స్ఫుటత్వాభావం, సంశయం: చివరి భాగం

ఇంతవరకు సమర్థకుల పక్షమే బలంగా కనిపించింది. చివరి భాగం దగ్గర పరిస్థితి వేరు.

విభావానుభావాలు విడివిడిగా ఏ స్థాయిభావాన్నీ నిర్ణయించలేవని అభినవగుప్తుడు అంటాడు. కన్నీరు ఆనందం వల్ల రావచ్చు, నేత్రరోగం వల్ల రావచ్చు. పులి భయానికీ కారణం కావచ్చు, క్రోధానికీ కావచ్చు. ఈ సంశయాన్ని తొలగించేది వాటి సంయోగం. రాజగృహాన్ని పోలిన గదిలో బౌమన్ ఉన్నాడు. అతడు బందీయా, అతిథియా? గది స్వప్నమా, వాస్తవమా? వార్ధక్యం శిక్షా, క్రమపరిణామమా? ఒక్కొక్క దృశ్యం అద్భుతంగా ఉంది. వాటిని కలిపి ఒక భావం వైపు నడిపే సంయోగం మాత్రం చిత్రంలో పూర్తిగా దొరకదు. బౌమన్ ముఖంలో భయవిస్మయాలు తప్ప మరే సంచారీ లేదు.

ఇటువంటి స్థితిని అర్థబాహుళ్యంగా ప్రశంసించే అలవాటు మనకు ఉంది. మమ్మటుడు ఇంతకంటె కచ్చితంగా వ్యవహరించాడు. వ్యంగ్యం ఉండి కూడా అది అప్రధానమైన గుణీభూతవ్యంగ్యంలోని ఎనిమిది భేదాలలో అతడు అస్ఫుటాన్నీ సందిగ్ధ ప్రాధాన్యాన్నీ చేర్చాడు. అర్థం మరీ బయటపడితే అది అగూఢం, అదీ లోపమే. సహృదయునికి కూడా ప్రయాసతో గాని తెలియకపోతే అస్ఫుటం. ఉత్తమ ధ్వని ఈ రెంటికీ మధ్య ఉంటుంది. చివరి భాగం ధ్వనియా, అస్ఫుటమా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. 1968లో కుబ్రిక్ అర్థాన్ని వివరించడానికి ఒప్పుకోలేదు. చిరునవ్వుకు కారణమేమిటో లియొనార్డో పటం కింద రాసి ఉంటే ‘మోనాలిసా’ను ఆస్వాదించగలిగేవారమా అన్న భావంతో సమాధానం చెప్పాడు. కాని 1970లో ప్రచురితమైన సంభాషణ గ్రంథంలో కథను ఆద్యంతం సరళంగా చెప్పివేశాడు. అన్యలోక జీవులు శిలలను ఉంచారు, చంద్రునిపై శిల హెచ్చరిక గంటవంటిది, బౌమన్‌ను అతని స్మృతుల నుండి కల్పించిన పరిసరాలలో, జంతుప్రదర్శనశాలలో వలె ఉంచి చూశారు, అతడు ఉన్నత జీవిగా పునర్జన్మించాడు. ఈ సంభాషణ జరిపినవాడు మరెవరో కాదు, తన సమీక్షను తానే ఉపసంహరించుకున్న జోసెఫ్ గెల్మిస్. 1980లో ఒక జపాన్ దర్శకునితో టెలిఫోనులో మాట్లాడినప్పుడు కూడా కుబ్రిక్ ఇదే సారాంశం చెప్పాడు. ఆ సంభాషణ 2018లో వెలుగులోకి వచ్చింది.

దర్శకుని మనసులో నిశ్చితార్థం ఉంది. కనుక చివరి భాగం ఉద్దేశపూర్వకంగా అనేకార్థకం అనే వాదం పూర్తిగా నిలవదు. ఆ నిశ్చితార్థం చిత్రం ఆధారంగా మాత్రమే స్ఫురించేదీ కాదు. ముఖ్యంగా ‘ప్రదర్శనశాల’ అన్న భావానికి చిత్రంలో బలమైన ఆధారం లేదు. అన్యలోక జీవులు తెరపై కనిపించరు. గదిలో వినవచ్చే అస్పష్టమైన గొంతుల సందడి ఒక్కటే సూచన. నవల చదివినవారికి, సంభాషణలు చదివినవారికి ఆ అర్థం ముందే తెలుసు కనుక స్ఫురించినట్లు తోస్తుంది. మహిమభట్టు ధ్వనివాదులపై ఎక్కుపెట్టిన ప్రశ్న ఇటువంటి చోట సూటిగా తగులుతుంది. వ్యంజన అనుకుంటున్నది నిజానికి ఇతర జ్ఞానం మీద ఆధారపడిన అనుమానం కాదా?

ఎముక ఆకాశంలోకి ఎగిరి అంతరిక్ష యంత్రంగా మారే ప్రసిద్ధ సంధానాన్ని దీనితో పోల్చాలి. ఆ యంత్రాన్ని కక్ష్యలో తిరిగే అణ్వస్త్రంగా ఉద్దేశించారు. చిత్రంలో ఆ మాట ఎక్కడా లేదు. అయినా సంధానం విఫలం కాలేదు. పనిముట్టు నుండి పనిముట్టుకు అన్న అర్థం వెంటనే తడుతుంది. అంతకు ముందు క్షణమే ఆ ఎముకతో హత్య జరిగింది కనుక, ఆ హింస కూడా కొత్త యంత్రం వెంట నీడలా వస్తుంది. దాచిన అర్థం తెలియనివారికి కూడా నిండైన అర్థం దక్కుతుంది. ధ్వనికీ అస్ఫుటానికీ గల భేదం ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెడితే తేటపడుతుంది.

వస్తువుపై రెండు అభ్యంతరాలు

కథనాన్ని దాటి వస్తువుపై వచ్చిన అభ్యంతరాలలో కేల్ చెప్పినది నేటికీ ఆలోచింపజేస్తుంది. మనకంటె ఉన్నతులెవరో మనలను నడిపిస్తున్నారని చెప్పడం మనుషుల చేతిలోని బాధ్యతను లాగివేయడమేనని ఆమె భావం. వియత్నాం యుద్ధం సాగుతున్న ఆ సంవత్సరాలలో ఈ మాటకు బరువుంది. హాల్‌ను ఎదుర్కొనే బౌమన్ తన బుద్ధితో, తన సాహసంతో గెలుస్తాడు. ఆ తరువాత అతడు కర్తగా మిగలడు, కేవలం ద్రష్ట. కథానాయకుని పురుషకారం ఫలసిద్ధికి కారణం కాకపోవడం నిర్వహణలోని లోపమే.

రెండవది విజ్ఞాన సంబంధి. ఆయుధం పట్టినందువల్లనే వానరం మనిషి అయిందన్న భావన రేమండ్ డార్ట్ 1950లలో ప్రతిపాదించినది. రాబర్ట్ ఆర్డ్రీ 1961 నాటి ‘ఆఫ్రికన్ జెనెసిస్’ ద్వారా దానిని ప్రచారం చేశాడు. దక్షిణాఫ్రికా గుహలలోని ఎముకలను పరిశీలించిన సి.కె. బ్రెయిన్ 1981లో ఆ ఆదిమజీవులు వేటగాళ్లు కారనీ, చిరుతపులి వంటి క్రూరమృగాలకు ఆహారమైనవారనీ వివరించాడు. చిత్రపు తొలి భాగం శాస్త్రంగా నిలవలేదు. కాని కావ్యసత్యంగా దానిని పూర్తిగా తోసిపుచ్చలేము. సాధనం, హింస కవలలుగా పుట్టాయన్న భయం 1968లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది.

తర్కోవ్‌స్కీ 1972లో తీసిన ‘సోలారిస్’ను ఈ చిత్రానికి ప్రత్యుత్తరంగా చెప్పడం పరిపాటి. కుబ్రిక్ చిత్రంలో సాంకేతిక వివరాలపై మోజు ఎక్కువై, మానవానుభవం కృతకమైందని అతని అభిప్రాయం. అయితే మనస్సాక్షికీ స్మృతికీ పెద్దపీట వేసిన ‘సోలారిస్’ కూడా మూలనవలా రచయిత స్టానిస్లా లెమ్‌ను మెప్పించలేకపోయింది. విశ్వరహస్యం పక్కకు తప్పుకొని అపరాధభావమే మిగిలిందని అతని బాధ. ఒకరు మనిషిని తగ్గించారని, ఒకరు విశ్వాన్ని తగ్గించారని ఆక్షేపణ. విజ్ఞాన కల్పనా చిత్రానికి ఈ రెంటి సమతూకం ఎంత కష్టమో ఈ జంట వివాదాలు తెలుపుతాయి.

తెలుగు విమర్శకు సంబంధించిన ఒక అంశం

సంభావనా విరహానికి అభినవగుప్తుడు సూచించిన పరిహారం తెలుగు చిత్రాలలో ఎలా పనిచేసిందో గమనిస్తే పై చర్చకు మరింత స్పష్టత వస్తుంది. ‘మాయాబజార్’ (1957) మాయలకు ప్రేక్షకుడు ప్రమాణం అడగలేదు. ఘటోత్కచుడన్న పేరే ప్రమాణం. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) కాలయంత్రమనే పూర్తిగా ఉత్పాద్యమైన కల్పనను తీసుకుంది. కాని యంత్రం మొదట 1526 నాటి విజయనగరానికి చేరుతుంది. శ్రీకృష్ణదేవరాయలు, తెనాలి రామకృష్ణుడు తెలుగు ప్రేక్షకుని హృదయంలో ముందే నెలకొన్నవారు. ఆ ప్రఖ్యాతి యంత్రంపై నమ్మకాన్ని కూడా మోసింది. 2504 నాటి భవిష్యత్తు ఆ తరువాతే వస్తుంది. ప్రఖ్యాతోత్పాద్యాల మిశ్రమంతో ఈ చిత్రం సాధించినదాన్ని కుబ్రిక్ యంత్రాల యథార్థతతో సాధించాడు. కనుక ఒకదాని కొలతతో రెండవదానిని తూచి, ఇది ‘నిజమైన’ విజ్ఞాన కల్పన కాదనో, అది ‘కథ లేని’ చిత్రమనో అనడం సరికాదు.

ముగింపు

‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక పదేళ్లకొకసారి నిర్వహించే విమర్శకుల ఎంపికలో ఈ చిత్రం 1992లో పదవ స్థానంలోనూ, 2002, 2012, 2022లలో ఆరవ స్థానంలోనూ నిలిచింది. 2022లో దర్శకుల ఎంపికలో ప్రథమ స్థానం పొందింది. ఈ గౌరవం తొలి విమర్శకులను ఓడించినట్లు కనిపిస్తుంది. పై పరిశీలన వల్ల తేలినది వేరు.

సంభావనా విరహాన్ని దాటడంలో చిత్రం కృతార్థమైంది. మందగమనమన్న ఆక్షేపణకు అక్కడ సమాధానం ఉంది. హాల్ ఘట్టం సంధినిర్మాణంలోనూ వ్యంజనలోనూ నిర్దుష్టంగా ఉంది. కథ లేదన్న ఆక్షేపణ అక్కడ చెల్లదు. చివరి భాగంలో దృశ్యసంపద ఎంత ఉన్నా, వ్యంగ్యం కొంతమేరకు అస్ఫుటంగానే మిగిలింది. నవలనూ దర్శకుని వివరణలనూ ఊతగా తెచ్చుకొని ఆ అస్ఫుటాన్ని ధ్వనిగా ప్రశంసించడం కృతికి బయటి సొమ్మును కృతి ఖాతాలో జమకట్టడమే అవుతుంది. ఈ ఒక్క చోట ఆడ్లర్, కేల్ వంటివారి అసంతృప్తికి ఆధారం ఉందని అంగీకరించాలి.

గెల్మిస్, సారిస్ తమ తీర్పును మార్చుకోవడం విమర్శకుని నిజాయితీకి నిదర్శనం. సహృదయత్వం ఒక్క వీక్షణంతో సిద్ధించేది కాదు, అభ్యాసంతో నిర్మలమయ్యేదని మన ఆలంకారికులు చెప్పినదీ అదే. కేల్ తన తీర్పును మార్చుకోకపోవడం కూడా అంతే విలువైనది. ఆమె అడిగిన ప్రశ్న లేకపోతే ఆ చివరి గదిలో ఏమి లోపించిందో గుర్తించే అవసరమే మనకు కలిగేది కాదు. ఒక కృతి మహత్త్వాన్ని అంగీకరిస్తూనే అది ఎక్కడ తడబడిందో చూపగలగడం విమర్శకు ఉండవలసిన కనీస స్వేచ్ఛ. ఈ చిత్రపు వివాద చరిత్ర ఆ స్వేచ్ఛకు రెండు వైపుల నుండీ సాక్ష్యం ఇస్తున్నది.